దాచుట దయ యగునా?

వర్తకుల ఇండ్లలో జబ్బు వార్త వీధిలోనికి పొక్కుట అనగా అందరికిని భయమే. అప్పిచ్చినవారు తొందరపెట్టుదురేమో, సరకు పంపువారు చేయి బిగింతురేమో, ఇంటి పిల్లకు సంబంధము మాటలాడుచున్నవారు వెనుకంజ వేయుదురేమో అని పెద్దలు లోలోపల లెక్కలు వేసికొందురు. ఈ లెక్కలను తప్పుపట్టుట సులభమే గాని, పరపతి మీద బ్రతుకు ఇండ్లకు ఆ భయము ఉత్త భయము కాదు. జ్వరమును దాచవచ్చును. రక్తములోని దోషమును చాల కాలము దాచవచ్చును. చర్మము మీద పొడసూపినదానిని దాచుటకు మాత్రము చొక్కా చేతులు చాలవు.

పాఠకులు రాయపురములో ఒక ఇంటిని ఊహించుకొనవచ్చును. క్రింద కొట్టు, మేడ మీద కాపురము. ఇరువది రెండేండ్ల కుమారునికి ల్యుకీమియా అని తేలినది. కీమోథెరపీతో జబ్బు తగ్గుముఖము పట్టినది గాని, అది తిరుగబెట్టకుండుటకు మూలకణముల మార్పిడి చేయవలెనని వైద్యులు చెప్పిరి. అదృష్టవశమున అతని అక్కయ్య కణముల గుర్తులు అతని వానితో సరిపోయినవి. ఆసుపత్రిలో చేర్చుటకు ముందు తండ్రి వైద్యుని ప్రక్కకు పిలిచి, "డాక్టరుగారూ, వాడు సున్నితమైన పిల్లవాడు. మందు ఎక్కించుదురు, తగ్గిపోవును అని మాత్రమే వానితో చెప్పండి. మిగిలినవన్నియు నాతో చెప్పండి, చాలును" అని వేడుకొనెను. ఆ ప్రకారము కుమారునితో ఎవరును ఏమియు చెప్పలేదు.

మందులు మొదలైన పదవ దినమున అతని అరచేతులు, అరికాళ్ళు మండసాగినవి. గ్లాసు పట్టుకొన్న సూదులు గ్రుచ్చినట్లుండెను. చంకలలోను, మెడ ముడుతలలోను చర్మము నల్లబడెను. తాను చేసిన ఏ పాపమో ఇట్లు పైకి వచ్చినదని తలచి అతడు రెండు దినములు చేతులను దుప్పటి క్రిందనే ఉంచుకొనెను. తల్లి వచ్చి "ఏదీ నాయనా, చేయి చూపు" అని అడిగినప్పుడు చూపలేదు. ఎట్టకేలకు చూపి, ఆమె ముఖము చూచి, మరల దాచుకొనెను.

తండ్రి దాచెను, కొడుకు దాచెను. ఇద్దరును ఎదుటివారి మీది ప్రేమ చేతనే దాచిరి. దీనిని దయ అనవలెనా, హింస అనవలెనా అనునదే ఇక్కడ ఆలోచింపవలసిన ప్రశ్న.

ఈ చికిత్స రాయపురము వారికి దూరపు మాట కాదు. 1856 జూలై 1వ తేదీన దక్షిణదేశపు మొదటి రైలు రాయపురము స్టేషను నుండియే బయలుదేరి వాలాజా రోడ్డు వరకు పోయినది. ఆ దారినే మరి కొంత దూరము పోయినచో కాట్పాడి, దాని ప్రక్కనే వేలూరు. వేలూరి క్రిస్టియన్ మెడికల్ కాలేజీలో 1986 నుండి మూలుగ మార్పిడి జరుగుచున్నది. దేశములో మొదటిసారిగా ఇది 1983లో బొంబాయి టాటా మెమోరియల్ ఆసుపత్రిలో ఒక తొమ్మిదేండ్ల బాలికకు జరిగినది. తరువాత మద్రాసులోని ఆసుపత్రులకును వచ్చినది. నేడు తలసీమియా బిడ్డలకు, రక్తపు కాన్సరు వచ్చిన పెద్దలకు ఇది చేయించుకొనుట ఎరిగిన విషయమే.

చికిత్స జరుగు తీరు తెలిసినగాని చర్మము మాట అర్థము కాదు. ఎముకల లోపలి మూలుగలో రక్తమును పుట్టించు మూలకణములున్నవి. మొదట గట్టి మందులతో రోగి మూలుగను ఇంచుమించు ఖాళీ చేయుదురు. తరువాత దాత నుండి తీసిన మూలకణములను రక్తము ఎక్కించినట్లే నరములోనికి ఎక్కించుదురు. ఆ రోజును సున్న దినము అందురు. అంతకు ముందరి దినములను వెనుకకు, తరువాతి దినములను ముందుకు లెక్కింతురు. కొత్త కణములు కుదురుకొనుటకు రెండు మూడు వారములు పట్టును. ఆ నడుమ రోగికి తెల్లకణములు దాదాపు ఉండవు. చిన్న గీత పడినను అది సూక్ష్మక్రిములకు తలుపు తీసినట్లే.

మూలుగను ఖాళీ చేయు మందుల పుట్టుక వింతైనది. 1917 జూలైలో ఈప్రే యుద్ధరంగమున మస్టర్డు గ్యాసును మొదటిసారి ప్రయోగించిరి. అది చర్మమును బొబ్బలెక్కించు విషము. దాని బారిన పడిన సైనికుల రక్తములో తెల్లకణములు తగ్గిపోవుట వైద్యులు గమనించిరి. 1942లో అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయమున గుడ్‌మన్, గిల్‌మన్ అనువారు అదే కుటుంబపు రసాయనమును ఒక కాన్సరు రోగికి ఇచ్చి చూచిరి. యుద్ధ రహస్యమని ఆ సంగతిని 1946 వరకు ప్రకటింపలేదు. కీమోథెరపీకి పునాది అట్లు పడినది. నేటి మెల్ఫలాన్, సైక్లోఫాస్ఫమైడ్ ఆ వంశమునకు చెందినవే. బుసల్ఫాన్, థయోటెపా వేరు రసాయనములైనను పనిచేయు తీరు అదే. త్వరత్వరగా పెరుగు కణములను ఇవి దెబ్బతీయును. మూలుగ కణములు అట్టివి, కాన్సరు కణములు అట్టివి, వెండ్రుకల కుదుళ్ళును, నోటి లోపలి పొరయు, చర్మపు అడుగు పొరయు అట్టివే. కాబట్టి జుట్టు రాలుటయు, నోరు పూయుటయు, అరచేతులు మండుటయు శాపము కాదు, పాపము కాదు. మందు తన పని చేయుచుండగా ప్రక్కవానికి తగిలిన దెబ్బ.

థయోటెపా సంగతి మరింత విచిత్రము. ఈ మందులో కొంత భాగము చెమటతో చర్మము మీదికి వచ్చును. అక్కడ నిలిచిన చోట చర్మమును కాల్చును. అందుచేత ఆ మందు పడు దినములలోను, ఆ తరువాత 48 గంటల వరకును రోగి రోజునకు కనీసము రెండుసార్లు నీటితో స్నానము చేయవలెను. కొన్ని ఆసుపత్రులలో ఇంకను ఎక్కువ సార్లు చేయించుదురు. పక్కగుడ్డలు దినదినము మార్చవలెను. గొట్టము అమర్చిన చోట వేసిన కట్టును విప్పి, క్రింది చర్మమును కడిగి, కొత్తకట్టు వేయవలెను. కట్టు క్రిందను, మడతలలోను చెమట నిలిచినచో అక్కడనే నల్లబడి పొట్టు రాలును. ఒళ్ళు నొప్పులతో పడియున్న పిల్లవానిని అర్ధరాత్రి లేపి స్నానము చేయింపబోయినప్పుడు, కారణము తెలియనివాడు "నన్ను విడువండి" అని ఏడ్చును. తెలిసినవాడును ఏడ్చును గాని లేచి వచ్చును. నీటిని అవసరమునకు మించి వాడుట తగదని నేర్చిన ఇండ్లలో ఈ సంగతి ముందుగా చెప్పుకొనుట మరింత మేలు.

మందుల పేరు వచ్చినప్పుడు తెలుగువారు ఒకరిని మరువరాదు. భీమవరములో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు మద్రాసు మెడికల్ కాలేజీలో చదివెను. ఖద్దరు కట్టినందుకు ఆచార్యుని కోపమునకు గురియై, పూర్తి పట్టమునకు బదులు ఎల్.ఎం.ఎస్. మాత్రమే పొందెను. స్ప్రూ అను జబ్బు అతని సోదరులు ఇద్దరిని కొద్ది దినముల వ్యవధిలో తీసికొనిపోయెను. అమెరికాలో లెడర్లీ కంపెనీలో ఉండగా అతని బృందము ఫోలిక్ ఆమ్లమును తయారుచేసినది. అది స్ప్రూకు మందయినది. తరువాత అదే ఫోలిక్ ఆమ్లము పనిని అడ్డగించు మందులును అతని బృందము నుండియే వచ్చినవి. వానిలో అమినోప్టెరిన్‌ను బోస్టనులో సిడ్నీ ఫార్బర్ ల్యుకీమియా బిడ్డలకిచ్చి 1948లో ఫలితములు ప్రకటించెను. ఆ యేడే సుబ్బారావు కన్నుమూసెను. అమినోప్టెరిన్‌కు తోబుట్టువైన మెథోట్రెక్సేట్‌ను నేడును మార్పిడి తరువాత 1, 3, 6, 11వ దినములలో చిన్న మోతాదులలో ఇచ్చుచున్నారు. దాత కణములు రోగి శరీరము మీద తిరుగబడకుండ అణచుటకు అది ఉపయోగపడును. అదే మందు నోటిపూతను ఎక్కువ చేయును. ఒకే వైద్యుని పరిశోధన ఒకచోట పోషించుటకును, ఒకచోట అడ్డగించుటకును మందైనది. ఎప్పుడు ఏది, ఎంత అను మెలకువయే మందును విషము నుండి వేరు చేయును.

ఈ మెలకువ మాటయే అసలు ప్రశ్నకు తాళపుచెవి. ఉమాస్వామి తత్త్వార్థసూత్రములో హింసను నిర్వచించునప్పుడు ప్రాణమునకు కలిగిన నొప్పిని మాత్రమే చూడలేదు, దాని వెనుకనున్న ప్రమాదమును, అనగా రాగద్వేషములతో కూడిన అజాగ్రత్తను చూచెను. ఆ కొలతతో కొలిచినచో, చర్మమును కాల్చు మందును లెక్క ప్రకారము ఎక్కించి, వేళకు స్నానము చేయించి, తొడుగులు వేసికొని పక్కగుడ్డలు మార్చు నర్సు చేయునది హింస కాదు. ఆమె మెలకువతోనున్నది. మరి ఏమియు చెప్పవద్దని వేడుకొన్న తండ్రి మెలకువతోనుండెనా? అతడు కొడుకు భయమును తప్పింపజూచెను. నిజముగా తప్పినది కొడుకు భయము కాదు. కొడుకు ముఖము చూచుచు ఆ మాట చెప్పవలసిన తన భయమే తప్పినది. కొడుకు భయము పదవ దినమున, ఎవరును ప్రక్కన లేని రాత్రి, చెప్పకుండ వచ్చి కూర్చున్నది.

తండ్రి పక్షమున చెప్పవలసినది లేకపోలేదు. ధైర్యము కూడ ఒక మందే. రాబోవు బాధలన్నియు ముందే వినిన కొందరు తిండి మానుదురు, నిద్ర మానుదురు. కొందరు రోగులు తామే "నాకు చెప్పవద్దు, నాన్నగారికి చెప్పండి" అందురు. అట్లు కోరినవారి కోరికను మన్నింపవలసినదే. కాని అది రోగి తాను చేసిన నిర్ణయము. అతని బదులు మరియొకరు చేసినది కాదు. 2008లో సుప్రీంకోర్టు ఒక తీర్పులో, తెలివిలోనున్న వయోజనుని విషయములో అత్యవసరము కానప్పుడు అతని సమ్మతియే సమ్మతి గాని, తల్లి ఇచ్చిన సమ్మతి చెల్లదని చెప్పినది. న్యాయస్థానము చెప్పకపోయినను వర్తకునకు ఇది తెలిసిన ధర్మమే. సరకులోని తరుగును, మచ్చను బేరము కుదరక ముందే చూపువానిని బజారు నమ్మును. డబ్బు చేతిలో పడిన తరువాత బయటపడిన మచ్చకు ఎంత మంచి సంజాయిషీ చెప్పినను వినువారుండరు. ఇక్కడ కొనువాడు కన్నకొడుకు, ఇచ్చు మూల్యము అతని ఒళ్ళే.

చెప్పుటలో మరియొక చిక్కు కలదు. అహింసను వ్రతముగా పట్టిన ఇండ్లకు ఇది అన్నిటికన్న కఠినమైనది. కొందరు రోగులకు మార్పిడికి ముందు ఏ.టి.జి. అను మందు ఇచ్చెదరు. మానవుని థైమస్ గ్రంథి కణములను కుందేళ్ళకు ఎక్కించి, వాని రక్తములో పుట్టిన ప్రతిరక్షకములను తీసి దానిని తయారుచేయుదురు. గుర్రముల నుండి తీయునదియు కలదు. అది ఎక్కునప్పుడు చలిజ్వరము, దద్దుర్లు రావచ్చును. ఒకటి రెండు వారముల తరువాత దద్దుర్లతో పాటు కీళ్ళనొప్పులును రావచ్చును. ఈ సంగతి రోగికి చెప్పవలెనా? చెప్పినచో మందే వద్దనునేమో. చెప్పకపోయినచో దోషము అతనికి అంటదు గదా అని కొందరు సమాధానపడుదురు.

ఈ సమాధానము నిలువదు. దోషము అంటకుండ కాపాడుచున్నామని చెప్పువారు అతని వ్రతమును అతని చేతిలో నుండి తీసికొనుచున్నారు. ముందుగా తెలిసినచో అతడు వైద్యుని అడుగవచ్చును. మార్పిడి తరువాత మూడవ, నాలుగవ దినములలో సైక్లోఫాస్ఫమైడ్ ఇచ్చు వేరు పద్ధతి ఒకటి ఉన్నది. అది తనకు కుదురునా అని తెలిసికొనవచ్చును. కుదరదన్నచో, గృహస్థుని వ్రతము అణువ్రతమే గాని మహావ్రతము కాదని ఎరిగి, విచారముతోనే అంగీకరింపవచ్చును. లేక నిరాకరింపవచ్చును. ఆ నిరాకరణ ఇంటివారికి దుర్భరము. అయినను జీవితము పణముగా పెట్టువాడు అతడే. ఇక, దద్దుర్లు లేచిన తరువాత ఏ కంపౌండరు నోటి వెంటనో కుందేలు మాట విన్నవాని మనసులో పడు దెబ్బకు పూయు మందు లేదు.

ఇంతవరకు పెద్దలు దాచుటను గూర్చి. రోగి దాచుట ఇంకను అపాయకరము. మార్పిడి చేయించుకొన్నవాని ఒంటి మీద దద్దు లేచినచో దానికి కారణములు అనేకము. కీమోథెరపీ మందుల తాకిడి కావచ్చును. అది రెండు దినముల నుండి మూడు వారముల లోపల వచ్చి, పొట్టురాలి, తనంత తానే తగ్గును. ఏదైన ఒక మందు పడకపోవుట కావచ్చును, అప్పుడు ఆ మందును ఆపవలెను. సూక్ష్మక్రిముల వలన కావచ్చును. లేదా దాత కణములు రోగి చర్మమును పరాయిదని ఎంచి తిరుగబడుట కావచ్చును. ఈ కడపటిది అరచేతులు, అరికాళ్ళు, చెవులు, మెడ వెనుక భాగమున తరచుగా మొదలగును. ఒంటిలో పావు భాగమా, సగమా, అంతకు మించియా అని కొలిచి వైద్యులు దాని తీవ్రతను నిర్ణయింతురు. కొద్దిగా ఉన్నచో పూత మందులతో పోవును, ముదిరినచో ప్రేగులకు, కాలేయమునకు ప్రాకి ప్రాణము మీదికి రావచ్చును. ఒక విశేషమేమనగా, ఈ తిరుగుబాటు అతి స్వల్పముగా ఉన్నప్పుడు, మిగిలిన ల్యుకీమియా కణములను కూడ ఆ దాత కణములే వేటాడి జబ్బు తిరుగబెట్టకుండ కాపాడుట కలదు. చూచుటకు ఇవన్నియు ఒక్కతీరుగనే ఉండును. ఆరితేరిన వైద్యులు సైతము చర్మపు ముక్క తీసి పరీక్షించియు కొన్నిసార్లు తేల్చలేరు. ఏ దినము, ఎక్కడ, ఎట్లు మొదలైనది అను సమాచారమే వారికి ఆధారము. దుప్పటి క్రింద పోయిన రెండు దినములు ఆ ఆధారములో పోయిన రెండు దినములు.

దీనికి తోడు, వైద్యగ్రంథములలోని చిత్రములు చాలవరకు తెల్లవారి చర్మము మీద తీసినవి. అక్కడ ఎర్రగా కనబడునది నల్లని, చామనచాయ చర్మము మీద ఎర్రగా కనబడదు. ఊదాగానో, బూడిదరంగుగానో, ఉన్న నలుపు మరికొంత చిక్కనైనట్లో కనబడును. చూచువాని కంటికి ఏమియు లేకపోయినను రోగికి మంట, దురద, బిగువు తెలియును. కాబట్టి తెలుగు దేశపు, తమిళ దేశపు రోగి నోరు విప్పి చెప్పుట మరింత ముఖ్యము. చెప్పవలెనన్న, ఏమి చెప్పవలెనో ముందు అతనికి తెలియవలెను గదా.

తెలియని ఇండ్లలో మరియొక తప్పు జరుగుచుండును. ప్రేమతో అమ్మమ్మగారు పసుపు, వేపాకు నూరి తెచ్చి రాయుదురు. ఇతరులకు మేలు చేయునది తెల్లకణములు లేనివానికి కీడు చేయవచ్చును. ఆమెను కోపపడుటలో న్యాయము లేదు. ఆమెకును ఎవరును చెప్పలేదు. చల్లని తడిగుడ్డ, వాసన లేని మెత్తని పూత, రాపిడి లేని నూలుబట్ట, గోకకుండుట, వైద్యుడు వ్రాసినది తప్ప మరేదియు రాయకుండుట అని నాలుగు మాటలు చెప్పియున్నచో ఆ చేతులే ఎంతో ఉపకారము చేసియుండును.

చెప్పుట అనగా అంతయు ఒక్కసారి మీద కుమ్మరించుట కాదు. అసత్యమంతయు హింసయేనని పురుషార్థసిద్ధ్యుపాయములో అమృతచంద్రుడు చెప్పెను. వినుటకు ఇంపుగా లేకున్నను, ప్రమాదము లేని మనసుతో పలికిన హితవును అతడు అసత్యములో చేర్చలేదు. ఎదుటివాడు ఎంత తెలిసికొనగోరునో మొదట అడిగి, నేటి మాట నేడు, రేపటి మాట రేపు చెప్పవచ్చును. వచ్చునదానితో పాటు పోవుదానిని కూడ చెప్పవలెను. చర్మపు పై పొర ఇంచుమించు నెల దినములలో కొత్తదగును. నల్లదనము కొన్ని వారములకో, నెలలకో మెల్లగా విడుచును. జుట్టు చాలమందికి తిరిగి వచ్చును. బుసల్ఫాన్ పడిన కొందరికి మునుపటి వలె ఒత్తుగా రాదు. ఎండ చాలకాలము తగులనీయరాదు. ఈ కడపటి రెండు మాటలు కూడ చెప్పవలసినవే. మంచివి మాత్రమే ఏరి చెప్పినచో అదియు దాచుటయే.

ఇక ఆ రాయపురపు ఇంటినే మరియొక విధముగ ఊహించుకొనవచ్చును. తండ్రి ముందటి రాత్రి కొట్టు మూసి, మేడ మీదికి వచ్చి, కొడుకు ప్రక్కన కూర్చుండి చెప్పెను. "నీ చేతులు మండునట. చర్మము నల్లబడునట. మాకు చూపవలెనట, దాచరాదట." కొడుకు చాలసేపు మాటలాడలేదు. తరువాత "అక్కయ్యకు కూడ మండునా, నాన్నగారూ?" అని అడిగెను. "లేదు. దానికి రెండు మూడు దినములు ఒళ్ళునొప్పులుండును, అంతే" అని తండ్రి చెప్పెను. మరునాడు అతడు కొట్టు నుండి వాడని చిట్టా ఒకటి ఆసుపత్రికి తీసికొనిపోయెను. జమ వ్రాయు వైపున మందులు, స్నానపు వేళలు, ఖర్చు వ్రాయు వైపున కుడి అరచేయి, ఎడమ అరచేయి, పాదములు, మెడ, చెవులు అని గీతలు గీసెను. తల్లి ఉదయము సాయంత్రము కొడుకు చేతులు తన చేతులలోనికి తీసికొని, కిటికీ వెలుతురున చూచి చెప్పును, తండ్రి వ్రాయును. వైద్యుడు వచ్చినప్పుడు మొదట ఆ పుస్తకమునే అడుగును. పదవ దినపు పుటలో "మంట మొదలు, రెండు చేతులు, ఉదయము 6 గంటలు" అని ఉన్నది. మార్పిడి తరువాత ముప్పది ఒకటవ దినపు పుటలో ఒకే పంక్తి: "కుడి అరచేతి పొట్టు అంతయు రాలినది. క్రింద లేత చర్మము. వాడే చూపించెను."